దాలయ్య తీసేసిన నాలుగు లింకులు

భావనపాడు ఒడ్డున దాలయ్య విప్పి బిగించని పడవ ఇంజను లేదు. తాత వల పట్టాడు, తండ్రి వల పట్టాడు, ఈయన మాత్రం పానా పట్టుకున్నాడు. రేకుల పాక కింద గోనెపట్టా పరిచి, ఉప్పునీళ్ళు తాగి మొరాయించిన ఇంజన్ని ముక్కముక్కలుగా విప్పేవాడు. సాయంత్రానికి ఒక్క నట్టు మిగలకుండా బిగించి ఇచ్చేవాడు. దాలయ్య బిగించాడంటే ఇంక చూసుకోనక్కర్లేదని ఊరంతా అనేది. ఊరు అనడం వరకూ బాగానే ఉంది. దాలయ్య కూడా అదే అనుకోవడంతో వచ్చింది చిక్కంతా.

ఆయనకి చూస్తే చాలు ఒళ్ళు మండేది ఒక్కటే, వదులు. వదులుగా కట్టిన తాడు, వదులైన నట్టు, కుక్కి మంచం, ఏదైనా సరే. కారణం లేకపోలేదు. పంతొమ్మిదేళ్ళప్పుడు అన్న గంగులుతో వేటకెళ్ళి తిరిగొస్తుంటే, చుట్టకుండా వదిలేసిన తాడొకటి జారి నీళ్ళలో పడి ఇంజను రెక్కలకి చుట్టుకుంది. ఒడ్డు కెరటాల్లో పడవ అడ్డం తిరిగి బోర్లాపడింది. దాలయ్య ఈదుకొచ్చాడు, గంగులు రాలేదు. అప్పట్నుంచి ఆయన ఇంట్లో ఏ తాడూ వేలాడి ఎరగదు. "మా ఇంట్ల బట్టలారేసిన తాడు మీద వీణ వాయించీవొచ్చే" అని భార్య మరిడమ్మ చేపల గంప దించుకుంటూ ఇరుగుపొరుగుతో నవ్వేది.

వీళ్ళకి ఉష ఒక్కతే కూతురు. డిగ్రీకి టెక్కలి వెళ్ళేది, రోజూ సైకిలు మీదే. నౌపడ ఉప్పుమళ్ళ మధ్య ఆ రోడ్డు చాప పరిచినట్టుంటుంది, మెరకనేది లేదు. కొండలేని లోటు గాలి తీరుస్తుంది. పొద్దున్న వెళ్ళేటప్పుడు గట్టుమీది గాలి ఎదురు, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు సముద్రం గాలి ఎదురు. దేవుడు కూడా ఒక్కోసారి ఎంత పిసినారో చూడండి, మూడేళ్ళలో ఒక్కరోజు కూడా ఆ పిల్లకి వెనకగాలి ఇవ్వలేదు. అలా గాలిని తోసుకుంటూ తిరిగిన కాళ్ళతో, కాలేజీ పోటీల్లో మామూలు లేడీస్ సైకిలు మీద, గేర్ల సైకిళ్ళ మీదొచ్చిన వాళ్ళని దాటేసి మొదటొచ్చింది.

ఆ పోటీ చూడ్డానికి వచ్చినవాడు దత్తాత్రేయ. విజయనగరంలో సైకిళ్ళ షాపు. వాళ్ళ నాన్న వయొలిన్ మేష్టారు, ఇల్లంతా శిష్యులే. కొడుకు మాత్రం వయొలిన్ కమాను పక్కనపెట్టి పానా పట్టాడు గనక దాలయ్యకి చూడగానే నచ్చాడు. దత్తాత్రేయ ఆడపిల్లలకి పోటీ సైకిలు నేర్పేవాడు. తను తొక్కిన పాత రేసు సైకిలు ఒకటి ఉషకి ఇచ్చి, దాని మంచిచెడ్డలు తండ్రికి అప్పజెప్పాడు.

మొదటిరోజే షాపులో కూర్చోబెట్టి చెప్పాడు.

"ఇదిగో, వెనక చక్రానికి ఈ గుత్తి ఉంది చూశారా దాలయ్యగారూ, చిన్నదాని పక్కన కొంచెం పెద్దది, దాని పక్కన ఇంకొంచెం పెద్దది. చైను చిన్న పళ్ళచక్రం మీదుంటే కాలికి బరువు, బండికి పరుగు. పెద్దదాని మీదుంటే కాలికి తేలిక, బండి నెమ్మది. మీ ఊరి రోడ్లకి పదకొండు పళ్ళనుంచి ఇరవై అయిదు పళ్ళదాకా ఉన్న గుత్తి చాలు. ఒకదానికీ పక్కదానికీ ఒకటీ రెండు పళ్ళే తేడా. గాలి ఎంత మారితే గేరు అంతే మార్చుకోవచ్చు. కొండమీది ఘాటు రోడ్డు ఎక్కాలంటే మాత్రం ముప్ఫైరెండు పళ్ళది కావాలి."

"గాలికి తట్టుకున్న కాళ్ళు బాబూ, కొండకి తట్టుకోవేటి?" అన్నాడు దాలయ్య.

సముద్రం వాళ్ళు తప్ప ఇంకెవరూ అనని మాట అది. ఆయన దృష్టిలో కొండంటే నిలబడిపోయిన గాలి, అంతే. దత్తాత్రేయ వద్దన్నా తండ్రీకూతుళ్ళు వినలేదు. కిందటేడు పోటీకి ఇరవైఅయిదు పళ్ళ గుత్తితోనే వెళ్ళారు. కొత్తవలసలో మొదలై, శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాటు ఎక్కి ముగిసే పోటీ అది. శృంగవరపుకోట దాకా ఉష అందరికంటే ముందుంది. ఘాటులో మూడో మలుపుకి మోకాళ్ళు పట్టేశాయి. గాలి మధ్యమధ్యలో కాస్త ఊపిరి తీసుకుంటుంది, కొండ తీసుకోదు. ఆ పిల్లకి తొమ్మిదో స్థానం వచ్చింది.

మొదటి ముగ్గురినే రాష్ట్ర జట్టులోకి తీసుకుంటారు. జట్టులో ఆడిన కాగితం చేతికొస్తే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది లేకపోతే ఆ తీరంలో చదువుకున్న ఆడపిల్లకి మిగిలేది రొయ్యల ఫ్యాక్టరీ, మంచుగదిలో పొద్దస్తమానం నిలబడి తలలు తుంచడం. పైగా ఇరవైమూడేళ్ళు దాటితే ఆ విభాగంలో ఇంక రానివ్వరు. ఉషకి మిగిలింది ఒక్క ఏడాది, ఒక్క పోటీ.

ఈసారి దత్తాత్రేయ మాటే నెగ్గింది. ముప్ఫైరెండు పళ్ళ గుత్తి తెప్పించాడు. చైనుని ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి నెట్టే ఇనుప చెయ్యి కూడా మార్చి, పొడుగుది బిగించాడు. కొత్త చైను మాత్రం దాలయ్య చేతిలో పెట్టాడు, ఇంటిదగ్గర తనే వేస్తానని ఆయన పట్టుబట్టాడు మరి.

"ముందు పెడళ్ళ దగ్గరున్న రెండింట్లో పెద్ద చక్రం మీంచి, వెనక గుత్తిలో అన్నిటికంటే పెద్ద చక్రం మీదికి చైను చుట్టి చూడండి. సరిపోయాక రెండు లింకులు ఎక్కువ ఉంచండి. చిన్న గేర్లలో కొంచెం వేలాడుతుంది, వేలాడనివ్వండి."

"రెండు పెద్దవీ ఒకేసారి కలపకూడదని మీరే సెప్పినారు గదా. కలపనప్పుడు ఆ వదులెందుకు బాబూ?"

"కలపకూడదు. కానీ అలిసిపోయిన మనిషి కలుపుతాడు. ఆ రెండు లింకులూ గేరు కోసం కాదు దాలయ్యగారూ, ఆ తప్పు కోసం."

"మా గుంట తప్పు సెయ్యదు" అని నవ్వాడు దాలయ్య.

ఇంటికొచ్చి చెప్పినట్టే వేశాడు. ఆ ఒక్కమాట ఆయన పక్షాన చెప్పాలి. కానీ మర్నాడు ఉష ఉప్పుమళ్ళ రోడ్డు మీద తొక్కొచ్చి, చిన్న గేర్లలో చైను టపటపా కొట్టుకుంటోందంది. దాలయ్య సైకిలు తలకిందులు చేసి చూశాడు. చైను కిందికి జారి వేలాడుతోంది. చూసినకొద్దీ ఆయనకి గంగులు పడవలోంచి జారిన తాడే కనిపించింది. ఉష స్నానానికి వెళ్ళినప్పుడు రెండు లింకులు తీసేశాడు. ఇంకా వేలాడినట్టే అనిపించింది. మర్నాడు ఇంకో రెండు తీశాడు. ముందు చిన్న చక్రం మీద పెట్టి వెనక గేర్లన్నీ మార్చి చూసుకున్నాడు, వెన్నలా తిరిగింది. ముందు పెద్దదీ వెనక పెద్దదీ కలిపి చూడలేదు. కలపకూడదు గదా, ఎందుకు చూడ్డం?

"సప్పుడు పోనాది నాన్నా! ఏటి సేసినావు?" అంది ఉష.

"సర్దినాను" అన్నాడు.

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. నెలన్నర పాటు తెల్లారగానే లేచి తొక్కింది. రెండుసార్లు దత్తాత్రేయ జీపులో తీసుకెళ్ళి ఘాటు ఎక్కించాడు. ముప్ఫైరెండు పళ్ళమీద కూర్చునే ఎక్కేసింది. ఈసారి ముగ్గురిలో ఉంటుందని ఆయన మరిడమ్మకి ఫోనుచేసి మరీ చెప్పాడు. ఆ రోజు మరిడమ్మ చేపలమ్ముతూ కనిపించినవాళ్ళందరికీ రెండేసి చేపలు కొసరు వేసింది.

పోటీ ఆదివారం పొద్దున్న జరిగింది. ఇరవైఆరుమంది ఆడపిల్లలు. దాలయ్య, దత్తాత్రేయ జీపులో వెనకే వెళ్ళారు. శృంగవరపుకోట దాటేసరికి ముందు అయిదుగురు మిగిలారు, ఘాటు మొదట్లో ముగ్గురయ్యారు. ఉష రెండోది. దాలయ్య జీపు కడ్డీ పట్టుకుని లేచి నిలబడ్డాడు. యాభైరెండేళ్ళ మనిషి, "తొక్కమ్మీ! తొక్కే!" అని గొంతు పోయేలా అరుస్తున్నాడు.

నాలుగో మలుపు ముందు రోడ్డు కాస్త దిగుతుంది. ఆ దిగుడులో ముందున్న పిల్లని అందుకుందామని ఉష ముందు పెద్ద చక్రం మీదికి మార్చి దంచి తొక్కింది. మలుపు తిరగ్గానే రోడ్డు గోడలా లేచింది. ముందు చక్రం చిన్నదానికి మార్చాలి, తర్వాతే వెనక పెద్దదానికి వెళ్ళాలి. ఆయాసంలో చేతికి వెనక గేరు మీటే దొరికింది. ఒకటి, రెండు, మూడు నొక్కులు నొక్కేసింది.

ఫట్‌మని చప్పుడైంది. పొడవు చాలని చైను ఇనుప చెయ్యిని ఊడబెరికి చక్రం చువ్వల్లోకి లాగేసి, తనూ తెగి రోడ్డు మీద పడింది. సైకిలు అక్కడికక్కడే బిగుసుకుపోయింది. ఉష మోకాలి మీద పడింది.

వెంటనే లేచింది. చక్రం తిప్పబోయింది, తిరగలేదు. మారుద్దామంటే ఇంకో సైకిలు లేదు. వెనకొస్తున్న పిల్లలు ఒకరి తర్వాత ఒకరు దాటిపోతున్నారు. ఉష సైకిల్ని భుజానికెత్తుకుంది. మోకాలినుంచి రక్తం కారుతుండగా ఘాటు పైకి పరిగెత్తడం మొదలుపెట్టింది. దత్తాత్రేయ జీపులోంచి దూకి నీళ్ళసీసాతో వెనకే పరిగెత్తాడు.

దాలయ్య పరిగెత్తలేదు. తెగిన చైను ముందు నిలబడిపోయాడు. లింకులు లెక్కపెట్టుకోవలసిన పని ఆయనకి లేదు. అటూ ఇటూ చూశాడు. వంగి, చైనుని తువ్వాల్లో చుట్టి, రోడ్డు పక్క పిట్టగోడ దాకా నడిచి లోయలోకి విసిరేశాడు. ఆయన జీవితంలో బండి సామాను విసిరేయడం అదే మొదలు. నాకు ఆయన లింకులు తీసినందుకు కోపం లేదు, అది ఆయన భయం. ఈ విసరడం మాత్రం క్షమించలేను.

కిలోమీటరు దాటాక ఉష కూలబడింది. పోటీ పెట్టినవాళ్ళ వ్యాను ఎక్కించుకోబోతే ఎక్కనంది. జీపే వెళ్ళి తెచ్చింది.

"చైను ఏది?" అన్నాడు దత్తాత్రేయ.

"లోయల పడిపోనాది బాబూ."

"ఎలా తెగిందమ్మా?"

"రెండు పెద్దవీ కలిపీసినాను సార్."

"కలిపినా ఆగాలే, రెండు లింకులు ఎక్కువే ఉంచాం కదా…" దత్తాత్రేయ వంగిపోయిన చువ్వల్ని వేలితో తడిమాడు. "గట్టిగా తొక్కుతూ మార్చినట్టున్నావు. ఒక్కోసారి అంతే."

"తొక్కేనేమో సార్. నాదే తప్పు" అంది ఉష. తర్వాత ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చింది.

దాలయ్య ముందు సీట్లో ఉన్నాడు. చెప్పాల్సింది ఒక్క వాక్యం. జీపు దిగాక చెబుదామనుకున్నాడు. దిగాక, ఇంటికెళ్ళి అన్నం తిన్నాక అనుకున్నాడు. ఆ పిల్ల రెండురోజులు అన్నమే తినలేదు. ఆ తర్వాత చెప్పాలంటే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాలి. రోజు గడిచినకొద్దీ ఆ రెండో సంగతే పెద్దదై కూర్చుంది.

ఉష సైకిలు విజయనగరం పంపించేసింది. రొయ్యల ఫ్యాక్టరీలో చేరింది. పాత లేడీస్ సైకిలు మీద నౌపడ దాకా వెళ్ళి అక్కడ ఫ్యాక్టరీ వ్యాను ఎక్కేది.

మూడునెలలకి దత్తాత్రేయ భావనపాడు వచ్చాడు. వయసు దాటిన ఆడవాళ్ళకి ఇంకో పెద్ద విభాగం ఉందిట. పోటీ కష్టమే గానీ ఉష కాళ్ళకి అసాధ్యం కాదన్నాడు. సైకిలు బాగుచేయించి ఉంచానన్నాడు.

"వద్దు సార్" అంది ఉష. గొంతులో ఏడుపు లేదు, తూకంలో పెట్టి చెప్పినట్టు చెప్పింది. "మిగతా దినాలన్నీ బాగానే తొక్కుతాను. కావల్సిన నిమిషంలోనే నా సెయ్యి తప్పుతాది. అలాటిదాన్ని నమ్ముకోకండి. ఇంకో గుంటకిచ్చీండి."

దత్తాత్రేయ దాలయ్య వైపు చూశాడు, తండ్రిగా ఒక్కమాట చెప్పండన్నట్టు. దాలయ్య గోనెపట్టా మీద ఇంజను ముందు కూర్చుని ఉన్నాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"టీ సల్లారిపోతాది బాబూ, తాగండి" అన్నాడు.

దత్తాత్రేయ టీ తాగి వెళ్ళిపోయాడు. సైకిలు గజపతినగరం పిల్ల గౌరికి ఇచ్చాడు.

మళ్ళీ ఆ పోటీ వచ్చింది. ఆ మధ్యాహ్నం ఉష ఫోను పట్టుకుని పాకలోకి పరిగెత్తుకొచ్చింది. ఏడాదిలో ఆ పిల్ల పరిగెత్తడం అదే మొదలు.

"సూడు నాన్నా, గౌరి రెండో స్థానం! మన సైకిలే సూడు. అదే ముప్ఫైరెండు పళ్ళది." ఫొటో చూపిస్తూ నవ్వింది. "నాలాగ కంగారు గుంట కాదు, మంచి సెయ్యి."

ఆ నవ్వు దాలయ్య తట్టుకోలేకపోయాడు. ఏడ్చినా తట్టుకునేవాడేమో.

"నీ సెయ్యి తప్పలేదమ్మీ" అన్నాడు. "ఆ చైను నాను తగ్గించీసినాను. వేలాడతందని. అది సాలకే తెగిపోనాది."

ఉషకి వెంటనే అర్థం కాలేదు. "ఎన్ని లింకులు?"

"నాలుగు."

"లోయల పడిపోనాదన్నావు గదా?"

"నానే ఇసిరీసినాను."

ఉష ఫోను ఆర్పేసి పక్కన పెట్టింది. "జీపులో నాదే తప్పని నాను ఏడుస్తంటే, నువ్వు ముందు సీట్లో ఉన్నావు."

"ఉన్నాను."

"సారొచ్చి మళ్ళీ రమ్మన్న దినం?"

"ఇక్కడే ఉన్నానమ్మా." దాలయ్య లేచి ఆ పిల్ల చెయ్యి పట్టుకోబోయాడు. "ఇప్పుడు మాత్రం ఏటైపోనాది? నాను దత్తుబాబు కాళ్ళట్టుకుంటాను. మళ్ళీ తొక్కు."

"మంచుగదిలో ఏడాది నిలబడ్డ కాళ్ళు నాన్నా ఇవి. ఇవేటి తొక్కుతాయి?"

తిడుతుందని చూశాడు. కొట్టినా బాగుండుననుకున్నాడు. ఆ పిల్ల మెల్లగా, తనలో తను అనుకుంటున్నట్టు అంది.

"నాదే తప్పనుకుని ఎలాగో సర్దుకున్నాను. తప్పు సేసినోళ్ళు ఒప్పీసుకుని బతికీవొచ్చు. ఇప్పుడు నాను ఏటి ఒప్పుకోవాలి?"

దాలయ్య గోనెపట్టా మీద కూర్చుని, బిగించిన నట్టునే మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత ఇంట్లో గొడవేమీ జరగలేదు. ఉష తండ్రికి అన్నం పెడుతుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది, జ్వరమొస్తే మాత్ర తెచ్చిస్తుంది. మరిడమ్మకి ఇప్పటికీ ఏమీ తెలీదు. పదిరోజుల తర్వాత ఒక పొద్దున్న, డ్యూటీకి బయల్దేరిన ఉష లేడీస్ సైకిలు గుమ్మం దగ్గరే చైను ఊడిపోయింది. దాలయ్య పాకలోనే ఉన్నాడు, చేతిలో పానా ఉంది. లేవబోయాడు.

ఉష ఆయన ముందునుంచే సైకిలు నడిపించుకుంటూ రోడ్డెక్కింది.

"అదేటే, మీ నాన్నున్నాడు గదా! ఇటియ్యి, సిటికెలో ఏసీస్తాడు" అని కేకేసింది మరిడమ్మ.

"నౌపడలో షాపున్నాదమ్మా" అంది ఉష, వెనక్కి తిరక్కుండానే. నౌపడ దాకా నడిస్తే ఆ పూట వ్యాను అందదని ముగ్గురికీ తెలుసు.